రాజేశం గుండె చెప్పిన పేరు

ఏటిగడ్డ సెంట్రల్ జైలులో గొడవ పుట్టబోతోందంటే అందరికంటే ముందు హెడ్ వార్డర్ మడుపు రాజేశానికి తెలిసేది. ఎలా తెలుస్తుందని అడిగితే మాత్రం చెప్పలేకపోయేవాడు. "ఛాతీల ఏదో పట్టినట్టయితది సారూ" అనేవాడు. పై అధికారులు నవ్వుకొనేవారు. కానీ ఆయన "ఇయ్యాల మూడో బ్యారక్ తాళం జర ఆగి తీద్దాం" అంటే మారుమాట లేకుండా ఆగే తీసేవారు. ఇరవై ఏడేళ్ల నౌకరీలో ఆ ఛాతీ రెండుసార్లే తప్పింది. ఒకసారి అది గ్యాస్ నొప్పి.

రెండోసారి అసలేమీ చెప్పలేదు. పదమూడేళ్ల కిందటి మాట అది. కోర్టు వాయిదాలకు తీసుకుపోవడం లేదని రిమాండు ఖైదీలు తిరగబడ్డారు. ఇటుకపెళ్ల తగిలి రాజేశం తల పగిలింది, పద్నాలుగు కుట్లు పడ్డాయి. కిందపడ్డ మనిషి మీద ఇంకో దెబ్బ పడకుండా అడ్డం నిలబడ్డవాడు కూడా ఒక ఖైదీయే. బండారి ఓదెలు అని, భూమి తగాదాలో పాలివాణ్ని గొడ్డలితో నరికి యావజ్జీవం పడి వచ్చినవాడు. అప్పటికి జైలుకొచ్చి ఏడాది కూడా కాలేదు.

రాజేశం కూతురు హారిక అప్పుడు ఎనిమిదో తరగతి. ఆస్పత్రిలో తండ్రి మంచం పక్కన వారం రోజులు కూర్చుంది. గొడవ వస్తుందని ముందే తెలిస్తే మా బాపు తల పగిలేది కాదు కదా అని ఆ పిల్ల మనసులో పడ్డ మాట చెరిగిపోలేదు. చదువులన్నీ ఆ మాట చుట్టూనే తిరిగాయి. ఇరవై ఏడేళ్లొచ్చేసరికి నగరంలో ఒక పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త అయింది. డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున ఇంటికొచ్చి, తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి అంగీ విప్పించింది.

"కదలకు బాపూ. ఈడ వెంట్రుకలు బాగున్నయి, గీకాలె."

"తలకు అయిపోయింది, ఇగ ఛాతీకి గుండు గొడ్తవా?" అన్నాడు రాజేశం.

వంటింట్లోంచి సుగుణ తొంగి చూసింది. "ముప్పై ఏండ్ల సంది ఆయన గుండెల ఏమున్నదో నాకు సమజ్ కాలే. నీ మిషిన్‌కు తెలిస్తే నాకు గూడ చెప్పు బిడ్డా."

రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దదైన పల్చటి పట్టీని హారిక తండ్రి గుండె మీద అతికించింది. తర్వాత లాప్‌టాప్ తెరిచి ఆయన చెవులకు హెడ్‌ఫోన్ పెట్టింది. బ్యారక్ చప్పుళ్లు వినిపించాయి. పళ్లేల మోత, దగ్గులు, ఎవరిదో నవ్వు, కుళాయి నీళ్లు. రాజేశానికి అందులో విశేషమేమీ తోచలేదు. తెర మీద గీత మాత్రం సాఫీగా పోతూ పోతూ ఒకచోట ఎగిరింది. ఇంకాసేపటికి మళ్లీ ఎగిరింది.

"ఏమైందే?"

"నువ్వే చెప్పాలె. ఇది మే నెల సీసీ కెమెరా రికార్డు. నువ్వు గప్పుడు సెలవు మీదున్నవ్. ఇది అయినంక రెండు గంటలకు రెండో బ్యారక్‌ల తలకాయలు పగిలినయి. నీకు తెల్వదు బాపూ, గని నీ గుండెకు తెలిసింది."

తన గుండెకు తెలిసింది తనకు తెలియకపోవడం ఏమిటో రాజేశానికి అంతుబట్టలేదు. ఆ పూట హారిక చెప్పిన సంగతి ఇంతే: జైలు గోడల్లో మైకులు పెడతారు. తండ్రి గుండె ఏ చప్పుడుకు ఎగురుతుందో, ఎప్పుడు కుదుటపడుతుందో యంత్రం నేర్చుకుంటుంది. నేర్చుకున్న తర్వాత గుండెతో పని లేకుండా అదే చెబుతుంది. దానికి ముందెరుక అని పేరు పెట్టింది. గోడలకు చెవులుంటాయని లోకం ఊరికే అనుకుంటూ వచ్చింది, ఈ పిల్ల నిజంగానే పెట్టబోతోంది.

"ఎవరి పేరన్న బయటికొస్తదా దాంట్ల?" అని అడిగాడు రాజేశం. జైలు మనిషి కాబట్టి ముందు అడగాల్సింది అదే.

"రాదు. దాంట్ల పేర్లే ఉండయి. నా మీద ఒట్టు బాపూ."

కన్నకూతురు తన మీద ఒట్టు పెట్టుకున్నాక ఇంకేం అడుగుతాడు? సంతకం పెట్టేశాడు.

* * *

ఏ జైలుకైనా కాగితాల మీద లేని ఆచారాలుంటాయి. ఏటిగడ్డలో పప్పు రుచి చూడటం అలాంటిది. ఖైదీల కూడు బ్యారక్‌లకు పోయే ముందు హెడ్ వార్డర్ రుచి చూడాలని నియమం ఉంది. అంతవరకు కాగితం మీదిదే. ఆ గరిటె పట్టుకొని నిలబడ్డ రెండు నిమిషాల్లో వంటశాల మేస్త్రి ఆయన చెవిన వేసే మాట మాత్రం ఏ కాగితంలోనూ లేదు. మేస్త్రి ఓదెలు. వంటశాలలోకి బ్యారక్‌కు ఇద్దరు చొప్పున కూరగాయలు కోయడానికి వస్తారు, వాళ్ల నోళ్ల మీదుగా జైలు కడుపులో ఉన్నదంతా వస్తుంది. ఓదెలు ఆ మాటల్లోంచి కోపాన్ని ఏరి రాజేశానికి ఇచ్చేవాడు. మనుషుల్ని మాత్రం ఇచ్చేవాడు కాదు. పన్నెండేళ్లలో ఒక్క పేరు చెప్పలేదు, రాజేశం ఒక్క పేరు అడగలేదు. ఇద్దరి మధ్యా ఉన్న ఒప్పందమంతా అదే.

పట్టీ అతికించిన పదో రోజు పొద్దున కూడా అదే జరిగింది.

"నాలుగో బ్యారక్‌ల మస్తు కోపంగున్నరు రాజన్నా" అన్నాడు ఓదెలు, గిన్నెలోకి చూస్తూనే. నలుగురిలో సారూ అనేవాడు, గరిటె దగ్గర మాత్రం రాజన్నే. "ఫోను వారానికి రెండుమాట్లు ఉండె, ఒక్కటే జేసిండ్రు. పిల్లల పరీక్షలున్నయి ఇండ్లల్ల. రేపు తిండి ముట్టరు. ఎల్లుండికి తిండితోని ఆగదు."

"సరే. మాట్లాడ్త."

"పప్పెట్లున్నది?"

"నీ పప్పుకేం, మా ఇంట్ల గూడ గిట్లుండదు. సుగుణకు చెప్పకు."

ఆ రోజు మధ్యాహ్నమే రాజేశం సూపరింటెండెంట్ వేణుమాధవ్ గది ముందు నిలబడి, రెండో ఫోను మళ్లీ ఇప్పించాడు. గొడవ పుట్టలేదు. పుట్టని గొడవకు లెక్క ఉండదు, మెచ్చుకోలూ ఉండదు. కానీ ఈసారి వేణుమాధవ్ బల్ల మీద కొత్తగా పెట్టిన తెరలో ముందెరుక ముల్లు పొద్దున ఎర్రగీత దాకా లేచి, సాయంత్రానికి దిగిపోయింది. "అద్భుతం రాజేశం! మీ అమ్మాయి బంగారం" అన్నాడాయన. రాజేశం ఇంటికి వెళ్లేదాకా ఆ మాటనే నెమరువేసుకున్నాడు.

మూడు నెలల్లో ఆ ముల్లు నలభై ఆరుసార్లు లేచి దిగింది. మార్చిలో హారిక వచ్చి పట్టీ తీసేసింది. యంత్రం నేర్చుకోవాల్సింది నేర్చుకుందట.

"ఏరు దాటినంక తెప్ప తగలేసినట్టు" అన్నాడు రాజేశం, చర్మం మీద మిగిలిన గుండ్రటి మచ్చను రుద్దుకుంటూ. నవ్వుతూనే అన్నాడు. హారిక కూడా నవ్వి, "నువ్వు రిటైరయినా నీ గుండె డ్యూటీల ఉంటది బాపూ" అంది.

ఆ నెలలోనే ఇంకో మంచి కబురు వచ్చింది. పద్నాలుగేళ్లు నిండిన జీవితఖైదీల్లో సత్ప్రవర్తన ఉన్నవాళ్లను ఆగస్టు పదిహేనుకు విడిచిపెడతారు. ఏటిగడ్డ నుంచి పోయిన జాబితాలో రెండో పేరు ఓదెలుది. ఆ కబురు గరిటె దగ్గర రాజేశమే చెప్పాడు. ఓదెలు పొయ్యిలో కట్టె ఎగదోశాడు. "మా చెల్లె తీస్కపోతా అన్నది. ఆళ్ల ఊర్ల బడి పిల్లలకు వండాలెనట. పిల్లలకు కారం ఎంతెయ్యాల్నో నేను మర్శిపోయిన రాజన్నా" అన్నాడు.

* * *

ఏప్రిల్ రెండో వారంలో ఒకరోజు రాజేశం పప్పు రుచి చూడటానికి వెళితే గరిటె అందించినవాడు ఓదెలు కాదు. ఎవరో చిన్న కేసు ఖైదీ.

"ఓదెలేడి?"

"పొద్దుగాల్నే తీస్కపోయిండ్రు సారూ. ఒంటరి కొట్లకు. ఇంకో నలుగుర్ని గూడ."

రాజేశం గరిటె అక్కడే పెట్టి సూపరింటెండెంటు గదికి పోయాడు. వేణుమాధవ్ ఉత్సాహంగా ఉన్నాడు. తెర రాజేశంవైపు తిప్పాడు. ఖైదీల మెడలో లెక్క కోసం వేసే నంబరు బిళ్లల్లో చిప్పులున్నాయి కదా, ఎవరు ఎప్పుడు ఎక్కడున్నదీ అవి చెబుతాయి. ముందెరుక ఆ లెక్కను కూడా మింగింది. ముల్లు లేచిన నలభై ఆరుసార్లలో నలభై ఒక్కసారి, లేచే ముందు రాజేశం పక్కన 2217 నంబరు, అంటే ఓదెలు, ఉన్నాడు. ఆ నంబరు దగ్గరికి రాగానే హెడ్ వార్డర్ గుండె ఎగిరింది. తర్వాత బ్యారక్ చప్పుడు మారింది. కాబట్టి మూలం 2217. మిగతా నలుగురూ అలా తేలినవాళ్లే.

"మీకు భయం పుట్టించేది వీడే రాజేశం. మీకే తెలియలేదు, మీ గుండె పట్టేసింది. విడుదల జాబితాలోంచి కూడా పేరు తీయిస్తున్నాను" అన్నాడు వేణుమాధవ్.

ఇల్లంటుకున్న ప్రతిసారీ నీళ్ల బిందె పట్టుకొని కనబడ్డవాడే నిప్పుపెట్టాడని తేల్చింది యంత్రం. దాని తప్పు అది చేసింది, సరే. కానీ దానికి సాక్ష్యం చెప్పింది ఎవరు? తన గుండె. తనకు చెప్పకుండా, తన చొక్కా కింద కూర్చొని, ప్రాణం కాపాడినవాడి మీద మూడు నెలలు చాడీలు మోసింది.

"కాదు సార్. ఆయన..." అని ఆగిపోయాడు. ఆయన నాకు ముందే చెప్పేవాడు అంటే, ఓదెలును ఈ గదిలో ఏమని పిలుస్తారో రాజేశానికి తెలుసు. ఆ మాట ఈ గదిలోనే ఆగదనీ తెలుసు.

బయటికొచ్చి, గోడ నీడలో నిలబడి కూతురికి ఫోను చేశాడు.

"పేర్లు రావన్నవ్ గదనే!"

"పేర్లు నేనియ్యలే బాపూ. ఆళ్లు మూలాలు అడిగిండ్రు, అది ఇయ్యకుంటే ప్రాజెక్టు మిగతా జైళ్లకు పోదన్నరు. నంబర్లే ఇచ్చిన."

"జైల్ల నంబరే పేరు బిడ్డా" అన్నాడు రాజేశం.

ఆయన ఫోను పెట్టేశాడు. తన తలకు పద్నాలుగు కుట్లు పడ్డప్పుడు పక్కన కూర్చున్న పిల్లేనా ఇది అనిపించింది. ఇంకో దెబ్బ పడకుండా ఆపిన మనిషి పేరు ఆ పిల్లకు తెలుసు, నంబరు మాత్రం తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

* * *

ఒంటరి కొట్టు తలుపుకు అరచేయంత కిటికీ ఉంటుంది. రాజేశం దానికి ముఖం ఆనించి, జరిగినదంతా చెప్పాడు. పట్టీ సంగతి, నలభై ఒకటి సంగతి, జాబితా సంగతి. లోపల ఓదెలు గోడకు ఆనుకొని విన్నాడు.

"పెద్దసారుకు ఉన్నదున్నట్టు చెప్త ఓదెలూ. గొడవలు పెట్టినోడు కాదు, ఆపినోడని చెప్త. నీ విడుదల నీకొస్తది."

ఓదెలు లేచి కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఏమని చెప్తవు? లోపలి మాట బయటికి మోసినోడనా?"

"నువ్వట్ల మోయలేదు గద. పేరు చెప్పినవా ఎన్నడన్న?"

"నీకు తెలుసు, నాకు తెలుసు. బ్యారక్‌ల ఐదువందల మందికి తెలుస్తదా? ఆళ్లకు మోసినోడు మోసినోడే." గొంతు తగ్గించాడు. "రాజన్నా, నేను మనిషిని సంపిన. అది ఒప్పుకుంట. లొల్లి పెట్టినోడంటే అది గూడ ఒప్పుకుంట, ఇంకో నాలుగేండ్లు ఉంట. గని ఆ మాట మాత్రం నా మీద పడనియ్యకు. నీ కాల్మొక్త. ఎవ్వలికి చెప్పకు."

"చెప్ప" అన్నాడు రాజేశం.

"ఎవ్వలికి."

"ఎవ్వలికి చెప్ప."

* * *

ఓదెలు, ఆ నలుగురు ఒంటరి కొట్లకు పోయాక జైలులో చప్పుడు తగ్గింది. యంత్రం ఏరి తీసిన ఐదుగురూ ఏదో ఒక బ్యారక్‌లో అందరి తరఫున నోరు విప్పేవాళ్లే. వాళ్లకు పట్టిన గతి చూశాక ఎవడు నోరు తెరుస్తాడు? హెడ్ వార్డర్ పక్కకు వస్తే చాలు మనుషులు తప్పుకొని పోసాగారు. వేసవిలో బోర్లు ఎండాయి. నీళ్లు రెండు పూటల నుంచి ఒక పూట అయ్యాయి. ఫోను మళ్లీ ఒకటే అయింది. ఎవరూ ఏమీ అడగలేదు. పళ్లేలు కూడా మెల్లగా పెట్టేవారు.

వేణుమాధవ్ బల్ల మీద ముల్లు పచ్చగీత కింద పడుకుంది. అరిచే కోపం ఎలా ఉంటుందో ముందెరుకకు తెలుసు, నోరు మూసుకున్న కోపాన్ని దానికి ఎవరూ నేర్పలేదు. దానికి అది శాంతి. రాజధాని నుంచి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

జూన్ మొదట్లో రాజేశానికి మూడు రోజులు వరసగా ఛాతీ పట్టింది. వెళ్లి చెప్పాడు.

"మీ పట్టీ తీసేశాం కదా రాజేశం, ఇంకా ఎందుకు శ్రమపడతారు?" అని నవ్వాడు వేణుమాధవ్. "చూడండి, పచ్చగా ఉంది."

పచ్చగా ఉన్నప్పుడే మర్నాడు మధ్యాహ్నం కూడు వేళకు జైలు లేచింది. ముందు అరుపు కూడా వినబడలేదు. అన్నం బండిని నలుగురు ఎత్తి గేటుకేసి గుద్దారు. ఆ తర్వాతే అరుపు. పరుపులు తగలబడ్డాయి, కిటికీ ఊచలు ఊడివచ్చాయి. తాళాల గుత్తి కాపాడబోయిన వార్డర్ సమ్మయ్యకు ఒక కన్ను పోయింది. ఆర్నెల్లలో కూతురి పెళ్లి పెట్టుకున్న మనిషి. ఐదో బ్యారక్ పైకెక్కిన ఒక రిమాండు ఖైదీ, ఇరవై రెండేళ్లవాడు, సెల్‌ఫోన్ దొంగతనం కేసు, రేకు విరిగి కిందపడి చచ్చిపోయాడు. రాజేశానికి చెయ్యి విరిగింది. సాయంత్రం నాలుగింటికి బయటి నుంచి బలగాలు వచ్చి కొట్టేదాకా అది ఆగలేదు. లాఠీలు ఎవరు చేశారో ఎవరు చేయలేదో చూడలేదు, చేతికి దొరికినవాణ్ని కొట్టాయి.

* * *

హారిక ఆ వార్త విని వచ్చింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు సుగుణ తిట్టి కూర్చోబెట్టింది. రాజేశం విరిగిన చేతికి కట్టుతో, ఎడంచేత్తో కలుపుకుంటున్నాడు. కోపంతో రెండు నెలలుగా కూతురితో సరిగా మాట్లాడలేదు. కానీ ఆ పిల్ల ముఖం చూస్తే కోపం నిలవలేదు.

"నాకు ఒక్కటి సమజైతలేదు బాపూ" అంది హారిక, మెతుకులు కెలుకుతూ. "అయిదుగుర్ని తీసేస్తే గొడవలు తగ్గాలె. ఎందుకు పెరిగింది? నా లెక్క యాడ తప్పింది? రెండువేల రెండువందల పదిహేడు ఎవరు? ఆయన నీ దగ్గరికొచ్చి ఏం జేసేటోడు?"

ఆమె కళ్లనిండా నీళ్లున్నాయి. చచ్చిపోయినవాడి ఫోటో పేపర్లో చూసి పొద్దుటి నుంచి ఆ బాధ దాచలేక చస్తోంది. అడిగేది అధికారి కాదు, కన్నబిడ్డ. అన్నం ముందు కూర్చొని ఏడుస్తున్న బిడ్డ. ఎవ్వలికి అన్న మాటలో ఇల్లు కూడా ఉందని ఆ క్షణాన రాజేశానికి తోచలేదు. తోచినా ఆగేవాడో లేదో.

"ఆయన ఓదెలే. నా మీద దెబ్బ పడకుంట నిలబడ్డోడు" అని మొదలుపెట్టి, గరిటె సంగతీ, పన్నెండేళ్ల సంగతీ, పేరు లేని ఒప్పందం సంగతీ అంతా చెప్పాడు. చివర "ఇది మన ఇంట్లనే ఉండాలె బిడ్డా" అన్నాడు. హారిక తల ఊపింది.

తల ఊపిన మనిషే జూలైలో విచారణ సంఘం ముందు పన్నెండు పేజీల కాగితం పెట్టింది. రాజేశాన్ని కూడా పిలిచారు. ముగ్గురు అధికారులు, పక్కన వేణుమాధవ్, గోడ దగ్గర కుర్చీలో హారిక. పెద్దాయన తొమ్మిదో పేజీ చదివాడు. యంత్రం లెక్క తప్పలేదు, దాన్ని అర్థం చేసుకోవడంలో తప్పు జరిగింది. 2217 గొడవలకు మూలం కాదు, గొడవల గురించి హెడ్ వార్డర్‌కు ముందస్తు సమాచారం అందించేవాడు. ఈ విషయం హెడ్ వార్డరే తెలిపాడు.

రాజేశం కూతురివైపు చూశాడు. ఆమె కళ్లల్లో కపటమేమీ లేదు. తప్పు దిద్దుతున్నాననే ఆశ ఉంది. ఒక అమాయకుణ్ని విడిపిస్తున్నాననే ఆశ. తన యంత్రం బతుకుతుందనే ఆశ కూడా దాని పక్కనే ఉంది. ఏది ఎంతో ఆమెకే తెలియదేమో. నమ్మినవాళ్లు చేసే ద్రోహానికి ఇదొక్కటే తేడా, అది మన మేలు కోరే వస్తుంది.

"ఇది నిజమేనా?" అని అడిగాడు పెద్దాయన.

కాదంటే ఓదెలుకు విడుదల లేదు. అవునంటే ఓదెలు అడిగిన ఒక్కటీ లేదు. నీ కాల్మొక్త అన్న గొంతు రాజేశం చెవిలోనే ఉంది. అయినా బయటికి పంపిస్తే ఎక్కడైనా బతుకుతాడు, ముందు బయటపడనీ అనుకున్నాడు. ఎదుటివాడి పరువుకు మనం ధర కట్టినప్పుడు అది ఎప్పుడూ చవకగానే కనిపిస్తుంది.

"నిజమే సార్" అన్నాడు.

బయట వరండాలో హారిక ఆయన భుజం పట్టుకుంది. "అయిపోయింది బాపూ. ఆయన ఇంటికి పోతడు."

రాజేశం ఆ చెయ్యి తీసేశాడు.

* * *

ఉత్తర్వు వారంలో వచ్చింది. విడుదల ఉత్తర్వు ఏదైనా ప్రతి బ్యారక్ గోడకూ అతికించాలని నియమం. నియమం ప్రకారమే అతికించారు. "జీవితఖైదీ నంబరు 2217 బండారి ఓదెలు, తోటి ఖైదీల కదలికలపై ఏళ్ల తరబడి అధికారులకు రహస్యంగా సమాచారం అందించి జైలు భద్రతకు సహకరించినందున, అతని పేరును జాబితాలో తిరిగి చేర్చడమైనది." రహస్యంగా అన్న ముక్కను ఐదువందల మంది చదివేలా గోడకెక్కించిన తెలివి సర్కారుకే చెల్లింది.

చదువు రానివాళ్లకు వచ్చినవాళ్లు చదివి వినిపించారు. ఆ సాయంత్రమే ఒంటరి కొట్టులోంచి ఓదెలును బ్యారక్‌కు మార్చారు, మంచి ఖైదీ కదా మరి. మర్నాడు పొద్దున గంజి పంచే వేళకు ఎవడో సలసల కాగుతున్న నిండు బకెట్టు ఆయన మీద కుమ్మరించాడు. ఎవడో ఎవరూ చెప్పలేదు. ముల్లు పచ్చగీత దాటలేదు. ఆగస్టు పదిహేను దాకా ఓదెలు జైలు ఆస్పత్రిలోనే ఉన్నాడు. సమ్మయ్య కూడా అదే నెలలో నల్ల కళ్లద్దం పెట్టుకొని డ్యూటీకి వచ్చాడు, ఫోను గదిలో కూర్చోబెట్టారు.

విడుదల రోజు జెండా ఎగరేయడం అయ్యాక గేటు తెరిచారు. పదకొండు మంది బయటికొచ్చారు. పదిమందికి లోపలి నుంచి ఈలలు, పేర్లు, "మళ్ల రాకు" అనే కేకలు వినిపించాయి. పదకొండోవాడు గేటు దాటేటప్పుడు లోపల ఎవరూ దగ్గలేదు కూడా.

రాజేశం బయట వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. కొత్త అంగీ, ప్యాంటు ముందురోజే ఆస్పత్రికి పంపించాడు. ఓదెలు అవే వేసుకున్నాడు. లేత నీలం అంగీ. ఎడమ చెంప నుంచి మెడ దాకా చర్మం ముడతపడి ఎర్రగా ఉంది. గుండీ అక్కడ రాసుకుంటుందని మెడ దగ్గర విప్పుకొని ఉన్నాడు. ఇద్దరూ బస్సు ఆగే చోటు దాకా నడిచారు.

"చెల్లె రాలేదా?"

"రావొద్దన్న. ముందుగాల ఈ ముఖం సంగతి చెప్పి, అప్పుడు పోత." మెడ దగ్గర అంగీ సర్దుకుంటూ, "బడికి పోను రాజన్నా. పిల్లలు జడుసుకుంటరు" అన్నాడు.

రాజేశం తల వంచుకున్నాడు. ఓదెలు ఆయన కట్టు తీసిన చేతి మీద చెయ్యి వేశాడు.

"ఎందుకట్లయితవ్? నీదేమున్నది గిండ్ల. ఆ మిషిను పట్టేసింది. ముందుగాల లొల్లిగాడన్నది, ఎనక చెవులు కొరికేటోడన్నది. దానికేం తెలుసు. మనిషైతే అడగొచ్చు, మిషిన్‌ను ఏమని అడుగుతం? తల్సుకుంటే కోపమొస్తది, గంతే. కొన్ని దినాలైతే అది గూడ పోతది."

బస్సు ఇంకా రాలేదు. ఆ మాటను అక్కడే వదిలేస్తే సరిపోయేది. ఓదెలు కోపానికి ఒక యంత్రం దొరికింది, దాని మీద పెట్టుకొని బతికేస్తాడు. రాజేశానికి కూడా ఒక కూతురు దొరికింది, తప్పంతా ఆమె మీద పెట్టి నెల రోజులుగా మాట మానేసి బతికేస్తున్నాడు. కానీ తన చేతి మీద ఉన్న ఆ చెయ్యిని ఆయన మోయలేకపోయాడు.

"మిషిన్‌కు తెల్వదు ఓదెలూ" అన్నాడు. "నువ్వు నాతోని ఏం మాట్లాడేటోడివో దానికి తెల్వదు. నేను చెప్పిన. మా ఇంట్ల, నా బిడ్డకు, అన్నం తినుకుంట చెప్పిన. ఆళ్లు నిజమేనా అని అడిగితే, నిజమే అని గూడ చెప్పిన."

ఓదెలు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేను అడగకపోతి గద రాజన్నా" అన్నాడు. "ఎందుకు చెప్పినవ్? మిషిను మీద కోపంతోని బతికేటోన్ని."

ఓదెలు అంగీ గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. మెడ దగ్గర కాలిన చర్మానికి బట్ట తగలకుండా మెల్లగా తీసి, నాలుగు మడతలు పెట్టి, పక్కనున్న రాతి మీద పెట్టాడు. దూరంగా బస్సు హారన్ వినిపించింది. బస్సు ఆగాక బనీనుతోనే ఎక్కి, అవతలివైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు.